పొయ్యి దగ్గర చలి

రెండు వేల ఇరవై మూడు. చెరకు నరికి బెల్లం వండే రోజులు. అనకాపల్లిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డయాలసిస్ యూనిట్‌కు నేను ఇన్‌చార్జి నర్సుని. కిడ్నీలు పనిచేయని మనిషి రక్తాన్ని గొట్టాల ద్వారా మిషనులోకి తీసి, శుభ్రం చేసి, మళ్ళీ ఒంట్లోకి పంపడం మా పని. ఒక్కో పేషెంటు వారానికి మూడుసార్లు వస్తారు. వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు మంచం మీదే. అలా ఏళ్ళ తరబడి వస్తూ ఉంటే వాళ్ళిక పేషెంట్లుగా ఉండరు. ఎవరింట్లో గేదె ఈనిందో, ఎవరి మనవరాలికి చెవులు కుట్టించారో అన్నీ మాకు తెలుస్తాయి. తెలుస్తాయనే మేం అనుకుంటాం.

నాకు భయం ఎక్కువ. మిషను చిన్న కూత పెట్టినా పరిగెడతాను. మా ఆయన "నువ్వు పుట్టేటప్పుడే బీపీ మిషను చేత్తో పట్టుకుని పుట్టుంటావు" అని ఏడిపిస్తుంటారు. ఏడిపించనీ. ఈ పనిలో భయపడని మనిషి పక్కన డ్యూటీ చేయడం నాకు ఇంకా భయం.

అప్పలనాయుడు గారు మా దగ్గరకు రెండేళ్ళుగా వస్తున్నారు. కొండకర్ల వెళ్ళే దారిలో ఒక పల్లె. యాభై దాటిన చెరకు రైతు. రక్తపోటు పట్టించుకోక కిడ్నీలు పాడు చేసుకున్నారు. నెమ్మదైన మనిషి, మాట తక్కువ. ఆయన మాట్లాడాల్సినవి కూడా భార్య నూకరత్నం మాట్లాడేసేది. అందరికీ ఒక మంచం దూరం నుంచే కబుర్లు చెప్పి నవ్వించేది.

డయాలసిస్ పేషెంటుకు మిషను ఎంత ముఖ్యమో, ఒంట్లోంచి రక్తం బయటకు తీసే దారి అంతకన్నా ముఖ్యం. అన్నిటికన్నా మంచి దారి ఫిస్టులా. చేతిలో ధమనిని సిరతో కలిపి కుడతారు. కొన్ని వారాలకు ఆ సిర బలిసి, లావు సూదులు తట్టుకునేలా తయారవుతుంది. నాయుడు గారికి ఎడమ చేతిలో రెండుసార్లు చేస్తే రెండుసార్లూ గడ్డకట్టి మూసుకుపోయింది. మెడలో కుడివైపు సిర కూడా పాత గొట్టాల వల్ల మూసుకుపోయింది. చివరికి మెడలో ఎడమవైపు నుంచి పర్మ్‌క్యాత్ వేశారు. అది మెత్తటి గొట్టం. లోపలి కొస గుండె దాకా వెళుతుంది, బయటి కొస కాలర్ ఎముక కింద ఛాతీ మీద ఉంటుంది. మేం దాన్ని లైను అంటాం. అదే సమయంలో కుడి చేతికి కొత్తగా ఫిస్టులా కుట్టారు. అది ఇంకా పచ్చిగానే ఉంది.

మా కిడ్నీ డాక్టరు గారు విశాఖపట్నం నుంచి వచ్చి చూసి వెళుతుంటారు. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి అన్నారు. "సిస్టర్, ఈ లైను పోతే ఈయనకు మెడలో ఇంకో దారి లేదు. చెయ్యి తయారయ్యేదాకా దీన్ని మీ కంటి పాపలా చూసుకోండి."

అలా చెప్పిన కొద్ది రోజులకే మొదటి చలి వచ్చింది.

మిషను ఎక్కించి అరగంట అయిందేమో. నాయుడు గారు కాళ్ళు ముడుచుకున్నారు. పళ్ళు టకటకమన్నాయి. మంచం ఊగేంత వణుకు. నూకరత్నం రెండు దుప్పట్లు కప్పి ఆయన మీద పడుకున్నంత పని చేసింది. గంట తర్వాత ఒళ్ళు కాలిపోయేలా జ్వరం, ఆ తర్వాత చెమట.

డయాలసిస్ మధ్యలో చలి వచ్చిందంటే ఏదో రక్తంలోకి దిగుతోందని అర్థం. అది నీళ్ళలోంచి రావచ్చు, లైనులోంచి రావచ్చు. మిషనులో రక్తానికీ నీళ్ళకీ మధ్య సన్నటి పొర తప్ప ఇంకేం ఉండదు. ఆ నీళ్ళు ఆర్.ఓ. ప్లాంటులో శుద్ధి చేసినవి. అవే నీళ్ళు అన్ని మంచాలకూ వెళతాయి. అంటే తప్పు నీళ్ళలో ఉంటే ఒక్క నాయుడు గారితో పోదు. ఆ రోజు నేను ఒక మంచం దగ్గర నుంచి ఇంకో మంచం దగ్గరకు తిరుగుతూనే ఉన్నాను. ఎవరు దుప్పటి సర్దుకున్నా వెళ్ళి నుదురు ముట్టుకునేదాన్ని. ఏసీ చల్లగా ఉందని ఒక ముసలాయన "చలేస్తంది సిస్టరమ్మా" అంటే నాకు చెమటలు పట్టాయి.

మా టెక్నీషియన్ భాస్కర్, నేను నీళ్ళ శాంపిళ్ళు ల్యాబుకు పంపాం. ఫిల్టర్లు మార్చాం, పైపులు కడిగించాం. నీళ్ళు బాగానే ఉన్నాయని రిపోర్టు వచ్చింది. ఇంకెవరికీ చలి రాలేదు. నాయుడు గారికి మాత్రం తర్వాతి డయాలసిస్‌లో మళ్ళీ అదే వేళకు, అదే వణుకు. ఇక అనుమానం లైను మీదకు వచ్చింది.

బ్లడ్ కల్చర్ పంపించాం. రక్తాన్ని ప్రత్యేకమైన సీసాలో పోస్తే అందులో సూక్ష్మజీవులు ఉంటే పెరుగుతాయి, అవేవో తెలుస్తుంది. తెలిసేలోపు చేతులు ముడుచుకుని కూర్చోలేం కాబట్టి వాంకోమైసిన్ మొదలుపెట్టాం. లైను ఇన్‌ఫెక్షన్ అనగానే మా చెయ్యి ముందు వెళ్ళేది ఆ మందు మీదకే. మామూలుగా ఒకటి రెండు డోసులకు జ్వరం తగ్గుముఖం పడుతుంది. ఈయనకు పట్టలేదు.

అప్పటినుంచి లైను డ్రెస్సింగు నేనే చేయడం మొదలుపెట్టాను. మాస్కు, స్టెరైల్ గ్లవ్స్, మందుతో తుడవడం, ఆరనివ్వడం, కొత్త డ్రెస్సింగు అతికించడం. ఎవరినీ పక్కకు రానిచ్చేదాన్ని కాదు. అయినా వచ్చినప్పుడల్లా ఆ డ్రెస్సింగు అంచులు లేచిపోయి ఉండేవి. లోపలి గాజు గుడ్డ తడి ఆరినట్టు గరుకుగా, కాస్త జిగురుగా తగిలేది. చీము లేదు, ఎరుపు లేదు. పులిసిన వాసన మాత్రం లీలగా వచ్చేది.

"స్నానం చేస్తున్నారా నాయుడు గారూ? దీన్ని తడపకూడదని చెప్పాను కదా."

"లేదమ్మా. ఒట్టు. గుడ్డ తడిపి నడుం కిందికే తుడుసుకుంటన్నాను."

"పనికి వెళుతున్నారా? చెమట పడుతోందా?"

"ఏటి పనమ్మా ఈ ఒంటితోటి. ఇంటికాడే ఉంటన్నాను."

నూకరత్నం వైపు చూశాను. ఎప్పుడూ ఆగకుండా మాట్లాడే మనిషి, దుప్పటి మడత పెట్టే పనిలో పడిపోయింది. అది నాకు నచ్చలేదు. కానీ నచ్చలేదని కేసు షీటులో రాయలేం కదా.

ఇంట్లో కూడా నాకు అదే ఆలోచన. కూర మాడ్చాను, పాలు పొంగించాను. "ఆయనకేం కాదులే" అని మా ఆయన అంటే "మీకేం తెలుసు" అని కసిరాను. ఆ లైను పోతే నాయుడు గారిని ఎలా మిషను ఎక్కిస్తామన్నదే నా బెంగ. ఉంచితే పురుగు, తీస్తే దారి లేదు.

కల్చర్ చేస్తున్న ల్యాబులో మైక్రోబయాలజీ మేడం ఉండేవారు. మొదట ఆవిడ దగ్గర నుంచి వచ్చిన మాట, మామూలు స్ట్రెప్టోకాకస్ లాంటిది ఏదో పెరుగుతోందని. ఆ తర్వాత ఆవిడే ఆ రిపోర్టు ఆపేశారు. ఒక ఉదయం నేను డ్యూటీకి వచ్చి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ ఉండగానే ఫోన్ చేశారు.

"సిస్టర్, మీ పేషెంటుకు ఏ మందు ఇస్తున్నారు?"

"వాంకోమైసిన్ మేడం."

"ఆపేయండి. ల్యాబు ప్లేటులో ఆ మందు పెట్టిన బిళ్ళ చుట్టూ ఇది దర్జాగా పెరుగుతోంది. రెండుసార్లు చూశాను, రెండో సీసాలో కూడా అదే. దీని పేరు ల్యూకోనోస్టాక్."

ఆ పేరు నేను చదువుకునే రోజుల్లో విన్నానేమో, గుర్తు లేదు. మళ్ళీ అడిగి చేతి మీద రాసుకున్నాను. మేడం ఓపిగ్గా చెప్పారు. ఇది రోగాలు తెచ్చే రకం కాదట. కూరగాయల మీద, పులిసే పిండిలో, చెరకు రసంలో తన మానాన తను బతుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిని ఏమీ చేయదు. ఒంట్లో శక్తి తగ్గి, లోపలికి ఒక గొట్టం కూడా ఉంటే మాత్రం సందు చూసుకుని దూరుతుంది. ఇలాంటి వాటిని మా వైద్యం భాషలో ఆపర్చునిస్టిక్ ఇన్‌ఫెక్షన్ అంటారు. అంటే అదను చూసి పట్టేది. వాంకోమైసిన్ దీని మీద పుట్టుక నుంచీ పనిచేయదు. పాతకాలపు యాంపిసిలిన్ పనిచేస్తుంది.

"కానీ మందు ఒక్కటే చాలదు సిస్టర్. తీపి దొరికితే ఇది జిగురు అల్లుకుంటుంది. ఆ గొట్టం లోపల పట్టేసి ఉంటుంది. ఈ రోజే లైను తీయించేయండి. ఇంతకీ ఆయన ఏం పని చేస్తాడు?"

"చెరకు రైతు మేడం."

"పొలంలో చెరకు గడను ముట్టుకుంటే ఇలా రాదు. రసం దాకా వెళ్ళి ఉండాలి. కనుక్కోండి."

ఫోను పెట్టి గడియారం చూశాను. నాయుడు గారు వచ్చే వేళ అయింది. మంచం సిద్ధం చేయించాను. డాక్టరు గారికి ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి బయల్దేరి వస్తానన్నారు. నాయుడు గారు మాత్రం రాలేదు.

రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన డయాలసిస్ మానలేదు. ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. నూకరత్నం ఫోను మోగి మోగి ఆగిపోయింది. డయాలసిస్ ఒకపూట తప్పితే రక్తంలో పొటాషియం పెరుగుతుంది. అది పెరిగితే గుండె చెప్పాపెట్టకుండా ఆగిపోగలదు. పైగా లోపల పురుగు ఉంది, ఇన్నాళ్ళూ మేం ఇచ్చిన మందు నీళ్ళతో సమానం. జ్వరంతో ఎక్కడైనా పడిపోయి ఉంటే? మెయిన్ రోడ్డు మీద ఆటో ఆగిన చప్పుడైనప్పుడల్లా కిటికీలోంచి తొంగి చూశాను. ఇక ఆగలేక మేనేజరు గారిని అడిగి అంబులెన్సు తీసుకుని, భాస్కర్‌ని వెంటబెట్టుకుని బయల్దేరాను.

దారంతా చెరకు బళ్ళు, ట్రాక్టర్లు. ఒక్కటీ పక్కకు తప్పుకోదు. భాస్కర్ "సైరన్ వెయ్యమంటారా మేడం" అంటే "లోపల పేషెంటే లేడు, ఎవరి కోసం వేస్తావు" అని విసుక్కున్నాను. మరో నిమిషానికి నేనే వెయ్యమన్నాను.

ఇల్లు తాళం వేసి ఉంది. పక్కింటి ఆవిడ గుమ్మంలోంచే చెప్పింది. "గానుగ కాడ ఉంతారు సూడండమ్మా. ఈ నెలంతా అక్కడే."

ఇంటికాడే ఉంటన్నాను అన్న మనిషి.

గానుగ ఊరి చివర, పొలాల మధ్య పాక. ఇంజను చప్పుడు, చెరకు పిప్పి గుట్టలు, పొగ. ఒకపక్క చెరకు ఆడుతున్నారు. లోపల పెద్ద పొయ్యి మీద వెడల్పాటి పెనం, అందులో రసం మరిగి పాకానికి వస్తోంది. పెనం పక్కన పొడుగు గరిటె పట్టుకుని నాయుడు గారు నిలబడి ఉన్నారు. ఆ పొయ్యి వేడికి నేను వాకిట్లోనే ఆగిపోయాను. ఆయన మాత్రం మంటకు ఇంకా దగ్గరగా జరిగి, గజగజ వణుకుతున్నారు. మెడ చుట్టూ తువ్వాలు. దాని కొస ఛాతీ మీద, సరిగ్గా నేను ప్రతిసారీ అంత జాగ్రత్తగా అతికించే డ్రెస్సింగు మీద వేలాడుతోంది.

"నాయుడు గారూ!"

ఆయన తిరిగి చూశారు. దొరికిపోయిన దొంగలా తల దించుకున్నారు. పొయ్యిలోకి పిప్పి ఎగదోస్తున్న నూకరత్నం లేచి నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఈ పెనం ఒక్కటి దింపేసి వత్తానమ్మా. మీరు కూకోండి."

"మీకు జ్వరం."

"సలిగా ఉందమ్మా, అంతే. మంట కాడ బాగానే ఉంటంది."

పెనానికి అటుపక్క నూకరత్నం తమ్ముడు సన్నిబాబు ఉన్నాడు. మడ్డి తీసే జల్లి గరిటెను పక్కనున్న నీళ్ళ తొట్టిలో కడిగాడు. నీలం ప్లాస్టిక్ డ్రమ్మును సగానికి కోసి చేసిన తొట్టి అది. కాసేపటికి గరిటెడు పాకం అందులోనే వేసి, వేళ్ళతో తీసి ఉండ కడుతోందా అని చూశాడు. అదయ్యాక తన మెడలో తువ్వాలు తీసి, అదే తొట్టిలో ముంచి, పిండి, మళ్ళీ మెడకు చుట్టుకున్నాడు.

నెమ్మదిగా వెళ్ళి ఆ తొట్టిలో చెయ్యి పెట్టాను. గంజిలో పెట్టినట్టుంది. వేళ్ళు బయటకు తీస్తే జిగురు సాగింది. పులిసిన వాసన. ఆ వాసన నాకు తెలుసు.

"ఈ నీళ్ళు ఎప్పుడు మారుస్తారు?" అని అడిగాను.

"తగ్గినప్పుడల్లా పోత్తాం కదమ్మా" అన్నాడు సన్నిబాబు.

"నాయుడు గారూ, మీరు కూడా తువ్వాలు ఇందులోనే ముంచుకుంటున్నారా?"

"మరి పెనం కాడ నిలబడాలంటే వేడికి తట్టుకోవాల కదమ్మా. ఇక్కడ నిలబడే పెతోడూ అంతే. పైగా ఆ గొట్టం కాడ దురద. తడిగుడ్డ తగిల్తే సల్లగా, హాయిగా ఉంటది."

"తడపొద్దని ఎన్నిసార్లు చెప్పాను!"

ఆయన నిజంగానే అర్థం కానట్టు చూశారు. "తానం సెయ్యొద్దన్నారు. సెయ్యలేదు కదమ్మా. నెలై తలమీద సెంబుడు నీల్లు పోసుకోలేదు."

ఆ మాటలో మోసం లేదు. పనికి వెళ్ళడం దాచారు గానీ, తువ్వాలు దాచిన సంగతి కాదు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఏటా ఈ రోజుల్లో అది ఆయన మెడలోనే ఉంది. అది తడి అని ఆయనకు తోచనే లేదు. మనం చొక్కా తొడుక్కున్న సంగతి ఎవరికైనా విడిగా చెబుతామా?

నాడి పట్టుకుని చూశాను. పరుగెడుతోంది. చెయ్యి పొయ్యి వేడికి వెచ్చగా ఉందో జ్వరానికి ఉందో తెలియలేదు. "ఇప్పుడే రండి" అన్నాను. ఆయన కదలలేదు.

"బావా, నువ్వెల్లు. నాను సూత్తాను" అన్నాడు సన్నిబాబు.

"మొన్న నువ్వు సూసిందే కదరా మాడిపోయింది. నరికిన సెరుకంతా బయట ఎండిపోతంది. పావుగంటమ్మా, పాకం దిగిపోద్ది."

నాకు ఒళ్ళు మండిపోయింది. పేషెంటు మీద ఎప్పుడూ అరవని దాన్ని అరిచాను. "ఆ గొట్టంలోంచి పురుగు మీ రక్తంలోకి దిగుతోంది నాయుడు గారూ! ఇన్నాళ్ళూ ఇచ్చిన మందు దాన్ని ఏమీ చేయలేదు. పాకం దిగేలోపు మీరు కళ్ళు తిరిగి పడితే ఎక్కడ పడతారో చూసుకోండి!"

ఇంజను చప్పుడులో కూడా ఆ మాట అందరికీ వినపడింది. అప్పుడు నూకరత్నం వచ్చింది. మొగుడి చేతిలో గరిటె లాక్కుంది. "ఎల్లవయ్యా. మాడితే మాడనీ ఈ బెల్లం. నువ్వుంటే మల్లీ వండుకుందుము. నువ్వు లేకపోతే నాకెందుకిది?" అని భోరుమంది. ఇంతకాలం ఆయన మాట కాదనలేక నా దగ్గర దాచిన బాధంతా ఆ ఏడుపులో బయటపడింది. నాయుడు గారు తువ్వాలు తీసి అక్కడే పడేసి, భాస్కర్ భుజం పట్టుకుని నడిచారు.

అంబులెన్సులో బీపీ పడిపోతూ వచ్చింది. సెలైను ఎక్కువ ఎక్కించలేను, కిడ్నీలు పనిచేయని మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. ఎక్కించకుండా ఉండలేను. చుక్క చుక్కా లెక్కపెట్టుకుంటున్నాను. ఆయన కళ్ళు మూసుకునే అడిగారు.

"ఈ గొట్టం తీసేత్తారా అమ్మా?"

"తీయాలి."

"మరి మిషను ఎలా ఎక్కిత్తారు?"

"డాక్టరు గారు వస్తున్నారు" అన్నాను. అది జవాబు కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

డాక్టరు గారు వచ్చేసరికి ఈసీజీలో పొటాషియం ప్రభావం కనిపిస్తోంది. లైను వాడితే పురుగును ఇంకాస్త రక్తంలోకి నెట్టినట్టే. తొడ సిరలో తాత్కాలికంగా ఒక గొట్టం వేసి, దానిమీద ఆ పూటకు డయాలసిస్ చేసి గట్టెక్కాలి. అది కొద్ది రోజులకే పనికొస్తుంది. మొదటి తొడలో సూది వెళ్ళింది గానీ గొట్టానికి దారి చూపే తీగ వెళ్ళలేదు, లోపల ఎక్కడో మూసుకుపోయి ఉంది. రెండో తొడలో కూడా మొదటిసారి రాలేదు. నేను డాక్టరు గారి నుదుటి చెమట తుడిచాను. రెండోసారికి నల్లటి రక్తం సిరింజిలోకి వచ్చింది. డయాలసిస్ అయ్యాక మెడలో లైను తీసేశారు. దాని కొస కత్తిరించి ల్యాబుకు పంపితే అందులోనూ అదే పెరిగింది.

యాంపిసిలిన్ మొదలైంది. ఇక మిగిలిన ఒకే ఒక్క దారి కుడి చేతిలో పచ్చిగా ఉన్న ఫిస్టులా. బీపీ పడితే ఫిస్టులా గడ్డకడుతుంది. గడ్డకడితే అన్నీ మూసుకుపోయినట్టే. ఫిస్టులా బతికి ఉందో లేదో తెలుసుకోవడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. వేళ్ళు ఆనిస్తే పిల్లి గురగురలాడినట్టు అదురుతుంది. డ్యూటీలో ఉన్నంతసేపూ ఏ పని మీద అటు వెళ్ళినా ఆ చెయ్యి ముట్టుకుని వచ్చేదాన్ని. ఇంటికెళ్ళాక ఫోన్ చేసి డ్యూటీ నర్సు చేత ముట్టించేదాన్ని. జ్వరం మత్తులో ఆయన ఆ చేత్తోనే గాలిలో గరిటె తిప్పుతున్నట్టు తిప్పేవారు. మోచెయ్యి మడిస్తే ఎక్కడ రక్తం ఆగిపోతుందోనని నూకరత్నం పక్కనే కూర్చుని ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకుని చాపి పట్టుకుంది. "ఉందా అమ్మా?" అని మాత్రం అడిగేది. "ఉంది" అనేదాన్ని. ఒకసారి అదురు బాగా నీరసంగా తగిలింది. అప్పుడు కూడా "ఉంది" అనే అన్నాను.

మందు మారిన తర్వాత జ్వరం మెల్లగా తగ్గింది. బీపీ నిలబడింది. తొడ గొట్టం ఇక ఉంచకూడని రోజు వచ్చింది. ఫిస్టులా పూర్తిగా తయారు కాలేదు, అయినా సన్నటి సూదులతో ప్రయత్నిద్దాం అన్నారు డాక్టరు గారు. సూదులు పెట్టింది నేనే. ఒకటి దిగింది. రెండోది కూడా దిగింది. గొట్టాల్లో రక్తం ఎర్రగా పాకి మిషనులోకి వెళ్ళింది.

అప్పుడు ఎవరూ చెప్పకుండానే అందరం ఎదురుచూడటం మొదలుపెట్టాం. చలి వచ్చే వేళ. నాయుడు గారు కళ్ళు తెరిచి పైకప్పు చూస్తున్నారు. భాస్కర్ చేయాల్సిన పని మానేసి అక్కడే తచ్చాడుతున్నాడు. పక్క మంచం ఆయన పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాడు, పేజీ తిప్పడం లేదు. అరగంట దాటింది. గంట దాటింది. నూకరత్నం మొగుడి అరికాలు పట్టుకుని చూసి, "వెచ్చగానే ఉంది" అంది. నాయుడు గారు నా వైపు తిరిగి "ఇయ్యాల రాలేదమ్మా" అన్నారు. నేను స్టోర్ రూంలోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను. ఎందుకని అడిగితే చెప్పలేను, అంతవరకు ఏడవడానికి తీరిక దొరకలేదంతే.

ఆయన ఇప్పటికీ వస్తున్నారు. బెల్లం రోజుల్లో పెనానికి దూరంగా కుర్చీలో కూర్చుని పాకం చూసి చెబుతారట, దింపే పని సన్నిబాబుది.

నన్ను ఇప్పటికీ వదలని ఆలోచన ఒకటుంది. ఆ రోజు ఆయన రాలేదని నేను ఎంత తిట్టుకున్నానో. కానీ వేళకు వచ్చి ఉంటే? లైను తీసేవాళ్ళం, తొడలో గొట్టం వేసేవాళ్ళం, మంచి మందు ఇచ్చి బాగు చేసేవాళ్ళం. మా రికార్డుల్లో అంతా చక్కగా ఉండేది. ఇంటికి పంపించేవాళ్ళం. ఆయన మళ్ళీ ఆ తొట్టి దగ్గరకే, ఆ తువ్వాలు దగ్గరకే వెళ్ళేవారు, ఈసారి చేతికి సూది పోట్లతో. ఆ తొట్టిని మేం ఎప్పటికీ చూసేవాళ్ళం కాదు. ల్యాబు పురుగు పేరు చెప్పగలదు, మందు చెప్పగలదు. అది ఏ దారిలో మంచం దాకా వచ్చిందో తెలియాలంటే ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందో తెలియాలి. ఈ కేసు నాకు నేర్పింది అదే.

అందుకే ఇప్పుడు లైను ఉన్న ప్రతి పేషెంటునూ తీరిగ్గా కూర్చోబెట్టి, పొద్దున్న లేచిన దగ్గర నుంచి ఏం చేస్తారో చెప్పమంటాను. పళ్ళు తోముకోవడం దగ్గర నుంచి. కొత్తగా చేరిన నర్సులు నవ్వుకుంటారు, సిస్టరమ్మ సీరియల్ వింటోందని. విన్నంత మాత్రాన పోయేదేముంది.

మొన్న పూడిమడక నుంచి ఒక ఆవిడ వచ్చింది, మెడలో కొత్త లైనుతో. పని ఏమైనా చేస్తున్నావా అంటే "ఏటీ లేదమ్మా, ఊరికే ఉంటన్నాను" అంది. సరే, లేచిన దగ్గర నుంచి చెప్పు అన్నాను. తెల్లారే తీరం దగ్గరకు వెళతానంది. పడవ వస్తే చేపలు తట్టలో వేసుకుంటానంది. తట్ట నెత్తిన పెట్టుకుని బస్సు దాకా నడుస్తానంది.

"ఆ తట్టలోంచి నీళ్ళు కారతాయి కదా, ఎక్కడ పడతాయి?" అని అడిగాను.

ఆవిడ చెప్పబోయి ఆగిపోయింది. చెయ్యి దానంతటదే మెడ మీదుగా కిందికి జారి, డ్రెస్సింగు మీద ఆగింది.